నాలుగు మార్కుల సొంత అభిప్రాయం

పరీక్ష ఇంకా ఆరు రోజులుందనగా ఇంగ్లీషు టీచర్ తన నోట్సులో ఏడో పాయింటు చేర్చింది.

పద్దెనిమిదేళ్ళుగా ఆ నోట్సులో ఏ వ్యాసానికైనా ఆరు పాయింట్లే. పాయింటుకి మూడు వాక్యాలు, ముందొక ఉపోద్ఘాతం, చివర ఒక ముగింపు. పేపర్లు దిద్దేటప్పుడు ఆవిడ వ్యాసం చదవదు, పాయింట్లు వెతుకుతుంది. దొరికినదాని పక్కన టిక్కు పెడుతుంది, దొరకనిదాని చోట ఎర్ర ఇంకుతో సున్న చుడుతుంది. ఆఖరి తరగతి ఆడపిల్లలు చాటున తనని ఆరుపాయింట్ల టీచర్ అంటారని ఆవిడకి తెలుసు. తెలిసినా నొచ్చుకోలేదు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు వరసగా మాట్లాడలేని పిల్లలు కూడా ఆ ఆరింటినీ పట్టుకుని గట్టెక్కారు మరి.

ఈ ఏడాది పరీక్షల బోర్డు ఒక మెలిక పెట్టింది. సాహిత్య వ్యాసానికి ఇచ్చే ఇరవై మార్కుల్లో నాలుగు విద్యార్థి సొంత అభిప్రాయానికి అంది. సర్క్యులర్ స్టాఫ్ రూంలో చేతులు మారుతుంటే లెక్కల టీచర్ కళ్ళజోడు పైకి తోసుకుని, "సొంత అభిప్రాయమా? నాకే లేదండీ. ఉన్న ఒక్కటీ మా ఆయనకిచ్చేశాను" అంది. అందరూ నవ్వారు. ఇంగ్లీషు టీచర్ కూడా నవ్వింది గానీ, ఆ నాలుగు మార్కులు ఆవిడ నెత్తిన కూర్చున్నాయి. నాలుగు మార్కులంటే ఒక గ్రేడు.

సిలబస్‌లో ఉన్నది అక్కాచెల్లెళ్ళ నాటకం. అక్కకి రావలసిన ఉద్యోగపు ఉత్తరం చెల్లెలు దాచి, అక్క పేరు చెప్పుకుని తనే ఆ ఉద్యోగంలో చేరుతుంది. ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చి, చేసిందంతా ఒప్పుకుంటుంది. అక్క ఒక్క మాటా అనదు. బట్టలు ఇస్త్రీ చేస్తూ ఉంటుంది. తెర పడుతుంది. అక్క ఎందుకు మాట్లాడదు అన్న ప్రశ్న ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఓర్పు, త్యాగం, క్షమ, ప్రేమ, కుటుంబ గౌరవం, రాజీ: ఇవీ ఆరు పాయింట్లు. ఇప్పుడు తొమ్మిదో పేజీలో, చుట్టూ గీత గీసిన పెట్టెలో, ఏడోది చేరింది. "అక్క క్షమించలేదు. చివరి దృశ్యంలో ఆమె ఒకే చొక్కాని మూడుసార్లు ఇస్త్రీ చేస్తుంది. క్షమించిన మనిషైతే రెండో చొక్కా తీసుకునేది."

మంగళవారం నోట్సు పంచింది. ముప్పై ఎనిమిది కాపీలు, జిరాక్సు వేడి ఇంకా పోలేదు. బడి నడిపే పెద్ద మేడమ్ స్వయంగా క్లాసులోకి వచ్చి తొమ్మిదో పేజీ తెరిచి చూపించింది. "చూశారా? మీ టీచర్ బుర్ర ఎలాంటిదో. మన మిగతా రెండు బళ్ళకి కూడా ఇదే పంపిస్తున్నాను" అంది.

మొదటి బెంచీలో కూర్చునే లౌడ్‌స్పీకర్ చెయ్యెత్తింది. ఆ పిల్ల గుసగుసలాడినా వరండా దాకా వినిపిస్తుంది, అందుకా పేరు.

"టీచర్, ఈ పెట్టెలో ఉన్నది మా సొంత అభిప్రాయమా?"

"అవును."

"అందరిదీనా?"

"ఎవరు నేర్చుకుంటే వాళ్ళది. కూర్చో."

క్లాసంతా నవ్వింది. కిటికీ పక్క మూడో బెంచీలో ఉన్న దారం మాత్రం నవ్వలేదు. దర్జీ కూతురు కాబట్టి, సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పిల్లని అందరూ దారం అంటారు. పట్నం కాలేజీలో సీటు కోసం దరఖాస్తు పెట్టుకుంది. అక్కడివాళ్ళు మిగతా సబ్జెక్టులు పాసయితే చాలంటారు, ఇంగ్లీషులో మాత్రం పై గ్రేడు కావాలంటారు. ఆ పిల్ల తొమ్మిదో పేజీ తెరిచి చదివింది. పేజీ మీద అరచెయ్యి పెట్టి, మళ్ళీ తీసి, చదివింది. తర్వాత నోట్సు మూసి డెస్కు అరలో పెట్టేసింది. మిగతావాళ్ళంతా పెన్నులు తీసి కింద గీతలు గీసుకుంటుంటే, తను పెన్ను మూత తియ్యలేదు.

ఒంట్లో బాగాలేదేమో అనుకుంది టీచర్.

*

బుధవారం మధ్యాహ్నం, నెల కిందట దిద్దిన ప్రీఫైనల్ పేపర్లు కట్టలు కట్టే పని. ఫైనల్ పరీక్షకు ముందు వాటిని నంబరు వరసన పేర్చి, పురికొసతో కట్టి, పైన చీటీ అంటించి రికార్డు రూములో అప్పగించాలి. టీచర్ బల్ల మీద పేపర్లు నిలువుగా తట్టి అంచులు సరిచేస్తూ, నంబరుతో పాటు మార్కు కూడా చూస్తోంది. పదిహేను, పద్నాలుగు, పదహారు. ముప్పై ఒకటో నంబరు దగ్గర పదకొండు.

ముప్పై ఒకటి దారం. ఆ పిల్లకి పదకొండు ఎలా వచ్చిందీ అని పేజీ తిప్పింది.

దస్తూరీ కుట్టినట్టు ఉంది, అక్షరాలన్నీ ఒకే ఎత్తు. ఓర్పు దగ్గర టిక్కు. త్యాగం దగ్గర టిక్కు. క్షమ లేదు, సున్న. ప్రేమ లేదు, సున్న. ఆ తర్వాత ఒక పేరా మొత్తం ఎర్ర ఇంకులో మునిగి ఉంది. టీచర్ పేపరు కిటికీ వెలుగుకి జరుపుకుంది.

"మా అమ్మ దర్జీ. ఈ నాటకం నేను ఆమెకి చదివి వినిపిస్తే ఒక మాట చెప్పింది. అక్క ఒకే చొక్కాని మూడుసార్లు ఇస్త్రీ చేస్తోంది. క్షమించిన మనిషైతే రెండో చొక్కా తీసుకునేది అని."

మొదటి రెండు వాక్యాల మీద అడ్డంగా కొట్టివేత. పక్కన మార్జిన్లో తన అక్షరాలే: "పరీక్షలో ఇంటి సంగతులు వద్దు." మూడో వాక్యం కింద: "నోట్సులో లేదు. ఊహలు వద్దు."

టీచర్ కుర్చీలో కూర్చుంది. చేతిలో పురికొస చివర అలాగే ఉండిపోయింది.

ఆ ఆలోచన తనకెప్పుడు వచ్చిందో ఆవిడకి బాగా గుర్తుంది. సర్క్యులర్ వచ్చిన మర్నాడు పొద్దున్న, భర్త చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు. ఆవిరి మొహానికి కొట్టింది, దానితో పాటే ఆ వాక్యం కూడా పుట్టుకొచ్చింది. ఎంత సంబరపడిందో. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, పాలపాకెట్టు చీటీ వెనక రాసుకుంది. ఇన్నేళ్ళకి నాకూ ఒకటి తట్టిందే అనుకుంది కూడా. తను కొట్టేసిన మాటే తనలో ఎక్కడో దాక్కుని, నెలరోజుల తర్వాత తన గొంతుతో పలికిందని అప్పుడు అనుమానమైనా రాలేదు.

అటెండరు వచ్చి "కట్టలయ్యాయా టీచర్?" అంది.

"ఒక్కటి తక్కువుంది" అంది టీచర్. ముప్పై ఒకటో నంబరు పేపరు తన సంచిలో పెట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వరండాలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. మందుల షాపు నుంచి అప్పుడే వచ్చిన భర్త చెప్పులు విప్పుతున్నాడు. టీచర్ కాళ్ళు కూడా కడుక్కోకుండా అంతా చెప్పింది. భర్త సావధానంగా విన్నాడు. ఏ విషయాన్నైనా ఆయన మందుచీటీ చూసినట్టే చూస్తాడు.

"కావాలని చేశావా? లేదు. ఇంక గోలేమిటి? ఎవరికి తెలుస్తుంది?"

"ఆ పిల్లకి తెలుసు కదరా" అంది అత్తగారు, బఠాణీల్లోంచి తల ఎత్తకుండా.

"తెలిస్తే మాత్రం? పిల్ల కూడా అదే రాసుకుంటుంది. తనదేగా."

"రాసుకోడానికి లేదండీ" అంది టీచర్. "ముప్పై ఎనిమిదీ ఒకే కట్టలో ఒకే మనిషి దగ్గరికి వెళ్తాయి. దానిది ముప్పై ఒకటో నంబరు. ముప్పై మందిది చదివాక దానిది చూస్తారు. సొంత అభిప్రాయం అనుకుంటారా, బట్టీ అనుకుంటారా?"

భర్త గడ్డం గోక్కున్నాడు. అత్తగారు ఒక పుచ్చిన కాయని వేరుచేసి పక్కన పడేసింది. "మరి రేపేం చేస్తావే?" అని అడిగింది.

"ఏదో చేస్తాను అత్తయ్యా."

"ఏదో అంటే ఏమీ చెయ్యనని" అంది అత్తగారు.

*

గురువారం సాయంత్రం టీచర్ రెండు కర్టెన్ గుడ్డలు సంచిలో పెట్టుకుని దర్జీ ఇంటికి వెళ్ళింది. గుడ్డలు బీరువాలో రెండేళ్ళుగా పడున్నవే. వాటి అవసరం ఈ వేళ వచ్చింది.

వీధిలోకి తెరుచుకునే ముందు గదే దుకాణం. గుమ్మంలో వెలుగు పడేచోట కుట్టుమిషను, వెనక తీగకి వేలాడుతున్న సగం కుట్టిన బట్టలు, మూల ఇస్త్రీబల్ల. దర్జీ మెడలో టేపు, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు. సూదులతోనే మాట్లాడగలదు, నవ్వాలంటే మాత్రం తియ్యాలి. టీచర్ని చూడగానే తీసి, మిషను మీది చిన్న దిండుకి గుచ్చింది.

"రండి టీచర్ గారూ. పిల్ల లైబ్రరీకి వెళ్ళింది. కబురు పెడితే నేనే వచ్చేదాన్నిగా."

"కర్టెన్లు. అంచులు మడిచి కుట్టాలి."

దర్జీ గుడ్డ విప్పి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ముందు తడపాలి, లేకపోతే ఉతికాక కురచైపోతుంది. ఎంత పొడుగు?"

టీచర్ దగ్గర కొలత లేదు. తలుపంత అంది. దర్జీ ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, సుద్దముక్కతో గుడ్డ మీద ఒక గుర్తు పెట్టి ఊరుకుంది.

మిషను కింద పీలికల బుట్టలో చింపిన కాగితాలు ఉన్నాయి. కుట్టినట్టున్న ఆ దస్తూరీని టీచర్ పోల్చుకుంది. ఒక ముక్క మీద వ్యాసం పేరు, కింద గీత, గీత కింద ఖాళీ. ఇంకో ముక్కా అంతే.

"మూడు రోజులుగా ఇదే వరస" అంది దర్జీ ఆవిడ చూపు పసిగట్టి. "రాస్తుంది, చింపుతుంది. ఏమైందే అంటే ఏం లేదంటుంది. ఇది నోరు విప్పే రకం కాదు. మీరైనా ఒక మాట చెప్పండి. మీరు గీసిన గీత దాటదు."

టీచర్ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. అందులో ముప్పై ఒకటో నంబరు పేపరు ఉంది.

"ఒకటి అడగనా? నవ్వకండి" అంది దర్జీ. "ఆ అక్కాచెల్లెళ్ళ కథ మా పిల్ల నాకు చదివి చెప్పింది. అక్క అంత మంచిదేమిటమ్మా అంది. మంచిదని ఎవరన్నారే, ఒకే చొక్కా మూడుసార్లు ఇస్త్రీ చేస్తోందంటే ఒళ్ళు మండుతోందని అర్థం, చల్లారిన మనిషైతే రెండో చొక్కా తీసుకునేది అన్నాను. ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్న పనికదా, తెలుస్తుంది. పరీక్షలో మా అమ్మ చెప్పిందని రాయొచ్చా అని అడిగింది. రాయవే, అబద్ధం కాదుగా అన్నాను. రాసిందా?"

"రాసింది."

"మీరేమన్నారు?"

మిషను చక్రం మీద దర్జీ చెయ్యి ఆగి ఉంది. ఆ మొహం మీద కన్నెపిల్లకుండే సిగ్గులాంటిది ఒకటి కనిపించింది. చెప్పడానికే వచ్చింది టీచర్.

"బాగుందన్నాను" అంది.

దర్జీ నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎవరూ చూడకూడదన్నట్టు, దిండుకున్న సూదులు ఒక్కొక్కటీ తీసి పెదాల మధ్య పెట్టుకుంది.

టీచర్ ఇంటికి వెళ్ళే దారిలో రెండు వీధులు తప్పింది.

*

శుక్రవారం ఆఖరి క్లాసు. అంతకు ముందు టీచర్ పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళి, బల్ల మీద పేపరు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్ద మేడమ్ ఎర్ర గీతల వైపు చూసి, పేపరుని రెండు వేళ్ళతో వెనక్కి తోసింది.

"మన బళ్ళో పుట్టిన ఆలోచన మన బడిదే కదా. పరీక్షకు మూడు రోజుల ముందు పిల్లల్ని కలతపెట్టకండి. పైగా నోట్సు రెండు బళ్ళకీ వెళ్ళిపోయింది. మీ పేరుతో."

"అందుకేనండీ" అంది టీచర్.

"అందుకే ఏమిటి?"

ఆవిడ పేపరు తీసి సంచిలో పెట్టుకుంది. నమస్కారం పెట్టి క్లాసుకి వెళ్ళింది.

బోర్డు మీద ఏమీ రాయలేదు. హాజరు తీసుకుంది. తర్వాత సంచిలోంచి పేపరు తీసి, కొట్టేసిన వాక్యాలతో సహా ఆ పేరా పైకి చదివింది. మార్జిన్లో తను రాసింది కూడా చదివింది.

"ఇది నెల కిందట రాసింది. నేను కొట్టేశాను. తర్వాత ఇదే తెచ్చి మీకు నోట్సులో ఇచ్చాను. ఇది నాది కాదు. తెలిసి చేశానా, తెలియక చేశానా అన్నది నా గొడవ. తొమ్మిదో పేజీ చింపి నాకివ్వండి."

ఇంత చెప్పాక ఏదో జరుగుతుందని టీచర్ అనుకుంది. లౌడ్‌స్పీకర్ చెయ్యెత్తింది.

"అయితే ఇప్పుడిది రాయాలా వద్దా టీచర్?"

"రాయొద్దు."

"నేను కంఠతా పట్టేశాను. కామాలతో సహా."

"నేనూ టీచర్" అంది వెనక బెంచీ. "నిద్రలో కూడా ఇస్త్రీ చేస్తున్నానంటోంది మా అమ్మ."

"మీలో ఒక్కొక్కరూ నాటకం మళ్ళీ చదివి, మీకేం అనిపిస్తే అది రాయండి."

"మాకేం అనిపించకపోతే?"

"అనిపించలేదని రాయి. ఎందుకు అనిపించలేదో రాయి."

"సోమవారానికల్లా సొంత అభిప్రాయం ఎక్కణ్ణుంచి తెమ్మంటారు టీచర్? ముందే చెప్తే ఏడాదంతా వెతుక్కునేవాళ్ళంగా" అంది లౌడ్‌స్పీకర్. ఆ పిల్ల వేళాకోళానికి అనలేదు. టీచర్ "అవును. ముందే చెప్పాల్సింది" అంది.

కాగితాలు చిరిగిన చప్పుడు బెంచీ వెంట బెంచీ వచ్చింది. ముప్పై ఏడు పేజీలు బల్ల మీద కుప్పగా పడ్డాయి. పేజీలైతే వచ్చాయి గానీ, పిల్లల బుర్రల్లోకి వెళ్ళింది ఎలా తెస్తుంది? రోజంతా పెదాలు కదుపుతూ బట్టీ పట్టడం నేర్పింది తనే. సోమవారం కనీసం పదిమందైనా ఆ చొక్కాని ఇస్త్రీ చేసి వస్తారు, ఆవిడకి తెలుసు. పక్క బళ్ళ సంగతి సరేసరి.

దారం పేజీ చింపలేదు, తల ఎత్తలేదు. అందరూ తన వైపు తిరిగి చూస్తుంటే చెవులు ఎర్రబడ్డాయి, అంతే.

గంట కొట్టాక క్లాసు ఖాళీ అయింది. టీచర్ ఆ కాగితాలు సర్దుతూ, ఆ పిల్ల కూడా వెళ్ళిపోయిందనుకుంది. తల ఎత్తేసరికి బల్ల ముందు నిలబడి ఉంది. చేతిలో మడత పెట్టిన రెండు కాగితాలు.

"ఇంకోటి రాశాను టీచర్. చదువుతారా?"

ఇన్నేళ్ళలో ఆ పిల్ల వ్యాసం ఇచ్చే పద్ధతి ఒకటే. బల్ల మూల పెట్టి వెళ్ళిపోతుంది, వారం తర్వాత అడిగితే తీసుకుంటుంది, అడక్కపోతే లేదు. ఈసారి కదల్లేదు.

"ఇంటికి తీసుకెళ్ళి నెమ్మదిగా..."

"ఇక్కడే చదవండి టీచర్. చదివి ఇచ్చేయండి."

టీచర్ కూర్చుంది. అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను చేతిలోకి వచ్చింది, మూత కూడా ఊడింది. చదవడం మొదలుపెట్టింది. పాయింట్లు వెతకలేదు. వెతికినా దొరికేవి కావు. ఇందులో అక్క గురించి పెద్దగా లేదు, అంతా చెల్లెలి గురించే. చెల్లెలు తను చేసిందంతా చెప్పేశాక అక్క వైపు తిరిగి, "ఏదో ఒకటి అనక్కా" అంటుంది కదా. ఆ మాటని ఎవరూ పట్టించుకోరు అని రాసింది ఆ పిల్ల. "ఉద్యోగం తీసుకుంది, పేరు తీసుకుంది. అన్నీ ఒప్పుకున్నాక కూడా ఆమె చెయ్యి చాపే ఉంది. ఈసారి అడుగుతున్నది ఒక మాట. అక్క ఇవ్వనిది అదొక్కటే."

టీచర్ ఆ వాక్యం మళ్ళీ చదివింది.

కోపం వచ్చిందా అమ్మా అని అడుగుదామని పొద్దుటి నుంచి అనుకుంటోంది. అడిగితే ఆ పిల్ల లేదు టీచర్ అంటుంది. ఏ పిల్లైనా అంటుంది. ఆ "లేదు" వింటే ఈ రాత్రి నిద్ర పట్టేది. ఆవిడ అడగలేదు, పెన్నుకి మూత పెట్టి పక్కన పెట్టింది. కాగితాలు పాత మడతల మీదే మడిచి చేతికిచ్చింది. ఆ పిల్ల వాటిని జామెట్రీ బాక్సులో స్కేలు కింద పెట్టి మూత నొక్కింది. టక్కుమంది.

"ఇదే రాయి సోమవారం" అంది టీచర్. "ఎవరికీ చూపించకు."

"చూపించను."

ముప్పై ఒకటో నంబరు పేపరు బల్ల మీద ఉంది. పదకొండు కొట్టేసి, పక్కన పంతొమ్మిది వేసి, సంతకం పెట్టి ఉంది. టీచర్ దాన్ని ముందుకు జరిపింది. ఆ పిల్ల మార్కు చూసింది. ఎర్ర గీతలూ చూసింది. తీసుకోలేదు.

"కర్టెన్లు రేపు సాయంత్రానికి అయిపోతాయంది అమ్మ. నిన్నటి నుంచి పాటలు పాడుకుంటూ కుడుతోంది. మీరు బాగుందన్నారట."



"కొట్టేసిన సంగతి నేను చెప్పలేదు టీచర్" అంది దారం, సంచి భుజానికి తగిలించుకుంటూ. ఆ గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు. "ఆ పేపరు మీ దగ్గరే ఉంచండి. రేపు వచ్చేటప్పుడు తీసుకురండి. అమ్మకి ఇంగ్లీషు రాదు. మీరే చదివి చెప్పాలి."